మడత పాఠం

1949 ఫిబ్రవరి 7, సోమవారం
చిలుకూరు

దుర్గయ్య పంతులు కాలు విరగ్గొట్టుకున్నాడు. బడి కప్పు మీద పెంకులు సర్దడానికి యాభై ఏళ్ల మనిషి నిచ్చెనెక్కాడట. నిచ్చెన నిలబడింది, ఆయనే పడ్డాడు. సూర్యాపేట దవాఖానాకు బండిలో తీసుకుపోతూ మా వాకిట్లో ఆపించి, పడుకున్నవాడు పడుకున్నట్టే దండం పెట్టాడు.

"సువార్తమ్మగారూ, నేనొచ్చిందాంక జర బడి సూసుకోండ్రి. తాళం తీసి పిల్లల్ని కూసోబెడితే సాలు."

కూర్చోబెట్టడానికేనా నేను బందరు దొరసానుల బడిలో ఎనిమిదేళ్లు చదివింది, పంతులమ్మ పరీక్ష ప్యాసైంది? ఆ మాట పైకి అనలేదు. కాలు విరిగినవాణ్ణి ఒక రోజు ఆగి తిట్టాలి.

ఒప్పుకున్నాను. దుర్గయ్య కాలు అతికేదాకా మాత్రమే. అరవై ఒకటో ఏట నాకు కొత్తగా ఉద్యోగాల సరదా ఏమీ లేదు.

ఫిబ్రవరి 8

ఇరవై ఆరుగురు పిల్లలు. నా గొంతు ఇంకా పనిచేస్తోంది.

ఫిబ్రవరి 9

మధ్యాహ్నం నల్లబల్ల మీద ఎక్కం రాసి వెనక్కి తిరిగాను. గది ఖాళీ. పలకలున్నాయి, పిల్లల్లేరు.

కోదాడ రోడ్డు మీద జీపు పోతోందని అప్పుడు వినపడింది నాకు. వాళ్లకి ఎప్పుడో వినపడింది. కొందరు గోడ అవతల దూకారు, కొందరు గడ్డివాములో దూరారు. వీరమ్మ అని మూడో తరగతి పిల్ల ఒక్కతే ఆగి, నా కొంగు పట్టుకుని గుంజింది. "నువ్వు గూడ దాసుకో పంతులమ్మా, నిలబడకు!"

మొన్న మొన్నటిదాకా రజాకార్ల జీపులు. ఇప్పుడు పోలీసు క్యాంపుల జీపులు. ఎవరివైనా పిల్లలకు ఒకటే. రెండేళ్లుగా ఈ ఊళ్లో తప్పకుండా నేర్పిన పాఠం ఇదొక్కటే, అందరూ ఫస్టు క్లాసులో ప్యాసయ్యారు.

దీని గురించి ఇంకేం రాయను.

ఫిబ్రవరి 10

మిర్యాలగూడ నుంచి కాగితం వచ్చింది. మార్చి 4న బడుల ఇన్‌స్పెక్టరుగారు దయచేస్తారు. ఆ రోజు హాజరు ఇరవైకి తగ్గితే బడి ఎత్తివేసి కోదాడ బడిలో కలిపేస్తారు. కోదాడకు మగపిల్లలు నడుస్తారేమో. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? వీరమ్మ మర్నాటి నుంచి పేడ ఎత్తుతుంది.

రెండో సంగతి. మూడో తరగతిని "పరిసరములయందలి వస్తువులలో సౌష్ఠవమును గుర్తించుట"లో పరీక్షిస్తారట. ఉర్దూలో చెప్పే పాఠాలన్నీ ఇకనుంచి తెలుగులో చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. పుస్తకాలు మాత్రం రాలేదు. ఈ మాటలు ఎక్కణ్ణుంచి తవ్వి తీస్తున్నారో! సౌష్ఠవమట. కాటయ్య అనే పిల్లవాడిని అనమన్నాను. మూడుసార్లు అన్నాడు, మూడుసార్లూ నా మొహాన ఉమ్ము పడింది.

అదేమిటో నాకు తెలుసు. దేన్నైనా నడిమికి మడిస్తే రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. అంతే. ఒక పూట పని.

ఫిబ్రవరి 11

ఒక పూట పని కాదు.

పొద్దున్నే గొప్పగా మొదలుపెట్టాను. "ఏ ఆకైనా నడిమి ఈనె మీద మడవండి, రెండు సగాలూ కలుస్తాయి" అన్నాను. బడి ముందు వేపచెట్టుంది కదా, తలా ఒక ఆకు తెచ్చుకోమన్నాను.

"కలుస్తలేదు పంతులమ్మా" అన్నాడు కాటయ్య.

"సరిగ్గా మడవలేదు నువ్వు."

"నాది గూడ కలుస్తలేదు" అంది వీరమ్మ. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. నేనే ఒక ఆకు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని మడిచాను. కలవలేదు! వేపాకు కొడవలిలా వంకరగా ఉంది. తొడిమ దగ్గర ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చెట్టు పుల్లతోనే పళ్లు తోముకుంటున్నాను. ఆకు వంకరదని ఇవాళ తెలిసింది.

పిల్లలు నా వైపే చూస్తున్నారు.

"మీరు కనిపెడతారో లేదో అని చూశాను" అన్నాను.

కాటయ్య నమ్మలేదు. ప్రభువు కూడా నమ్మి ఉండడు.

అయినా ఎంత సంబరంగా ఉంది! ఇంటికొచ్చి పెరట్లో కనపడ్డ ప్రతి ఆకునూ మడిచాను. గోరింటాకు కలుస్తుంది. తమలపాకు కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. మా కోడలు సరోజ చంటిదాన్ని చంకనేసుకుని గుమ్మంలోంచి చూస్తూ, "అత్తయ్యా, పురుగు పట్టిందా ఆకులకు?" అంది.

పట్టింది. ఆకులకు కాదు.

ఫిబ్రవరి 14, సోమవారం

తండా నుంచి బడికొచ్చే లంబాడీ పిల్ల జమ్లీ మోదుగాకులు తెచ్చింది. వాళ్లమ్మ విస్తళ్లు కుడుతుంది. జమ్లీకి తెలుగు ఇంకా సగమే వచ్చు, అందుకని మాట్లాడకుండా చేసి చూపిస్తుంది. దీన్ని చూసి నేర్చుకోవలసిన వాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, దుర్గయ్యతో కలిపి.

మోదుగ కొమ్మకు మూడేసి ఆకులు కదా. నడిమి ఆకు మడిచింది. చక్కగా కలిసింది. పక్క ఆకు మడిచింది. కలవలేదు, ఒక పక్క బొజ్జ. రెండో పక్క ఆకు, అదీ కలవలేదు. నేను "సరే, ఇవి కలవవు" అని ముందుకు పోబోతుంటే, ఆ రెండు పక్క ఆకులనూ తెంపి, ఒకదాన్ని బోర్లించి రెండోదాని మీద పెట్టింది.

అతుక్కుపోయాయి. బొజ్జ మీద బొజ్జ!

ఒక్కో ఆకు విడిగా వంకర. మూడూ కలిసి ఉన్నప్పుడు నడిమికి మడిస్తే ఎక్కడా తేడా లేదు. నేను అరిచాననుకుంటాను. రోడ్డు మీద గొర్రెలు తోలుకుపోతున్న బీరన్న లోపలికి తొంగిచూసి, "ఏమైంది పంతులమ్మా, పామా?" అన్నాడు.

ఇది బందరులో నాకు ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 17

సౌష్ఠవం అన్న మాట వాళ్ల నోట పలకదు, నేనూ వదిలేశాను. పిల్లలు దీనికి 'మడత పడుడు' అని పేరు పెట్టారు. చాట మడత పడ్తది. కావడి మడత పడ్తది, రెండు కుండలూ ఒకే తీరువైతే. మేక మొహం మడత పడ్తది, కొమ్ము విరిగిన మేకైతే పడదు. కొడవలి పడదు. తాటాకు పడ్తది. ఊరంతా దీనిమీదే పడ్డారు. నిన్న ఒకామె మా వాకిట్లోకి వచ్చి, తన పిల్లవాడు కంచంలో రొట్టె తినకుండా మడిచి మడిచి చూస్తున్నాడని మొరపెట్టుకుంది.

ఇవాళ కాటయ్య ముంత తెచ్చాడు, మూతికి గుడ్డ కట్టి.

"ఏంట్రా అది?"

"తేలు. సూడు పంతులమ్మా, ఇటొక డెక్క అటొక డెక్క, నాలుగు కాళ్లిటు, నాలుగు కాళ్లటు. తోక నడిమిట్ల."

"మడిచి చూశావా?"

"నాకేమన్న పిచ్చి లేసిందా!"

"మరి మడత పడుతుందని ఎట్లా తెలిసింది?"

ఆలోచించాడు. "మనసుల మడిసిన" అన్నాడు.

ఇదే! ఇదే కదా చెప్పించాలనుకున్నది! చేత్తో మడవలేనిదాన్ని మనసులో మడవడం. ఆ కాగితం రాసిన మహానుభావుడికి ఈ మాట తట్టి ఉంటే అన్ని సంధులు, సమాసాలు అవసరమయ్యేవి కావు. ముంతను జాగ్రత్తగా బయటికి పంపించి, మిగిలిన పూటంతా అందరం కళ్లు మూసుకుని గుమ్మాన్నీ, ఎడ్లబండినీ, గుడ్లగూబనీ, మా మా ముక్కుల్నీ మనసులో మడిచాం.

సరోజ అంటోంది, నిద్రలో నవ్వుతున్నానట.

ఫిబ్రవరి 18

దుర్గయ్య కబురంపాడు. ఎముక మెల్లగా అతుకుతోందట. మెల్లగా అతకడమే మంచిది, తొందరపడితే వంకరపోతుంది. ఆయన మంచికే అంటున్నాను.

ఫిబ్రవరి 21, సోమవారం

ఇవాళ్టి సంగతి వరసగా రాయాలి, లేకపోతే కోపంతో ముందువి వెనకా వెనకవి ముందూ అవుతాయి.

వీరమ్మ తమ్ముడు తొమ్మిది నెలల వాడు. ఎడమ బుగ్గ మీద దిష్టి చుక్క పెడతారు వాడికి. నిన్న ఆదివారం వీరమ్మ వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మనసులో మడిచింది. పడలేదు. ఎందుకు పడలేదో చూసుకుంది. కాటుక తీసి కుడి బుగ్గ మీద కూడా అంతే చుక్క, సరిగ్గా అక్కడే పెట్టింది. ఇప్పుడు పడింది. అక్కడితో ఆగకుండా వాడలో ఇంకో ఇద్దరు చంటివాళ్లను కూడా సరిచేసి వచ్చింది.

సాయంత్రానికి తమ్ముడికి జ్వరం.

ఇవాళ బడి మధ్యలో వాళ్ల నాయనమ్మ బుచ్చమ్మ వచ్చింది. ఆ వాడలో ఆమె కాదన్నాక కోడి కూడా కూయదు. బడి లోపలికి రాలేదు, మా గాలి సోకకుండా వేపచెట్టు కిందే నిలబడింది.

"ఏం పంతులమ్మా, పిల్లలకు సదువు సెప్పమంటే పసిగుడ్డుకు సావు సెప్తున్నవా?"

"చుక్కకూ జ్వరానికీ ఏమిటి సంబంధం? పన్ను వస్తోందేమో, చిగురు చూశారా?"

"ఒక్క బుగ్గకు పెడితే దిష్టి సుక్క. రెండు బుగ్గలకు పెడితే సింగారం! రెండు దిక్కుల ఒక్క తీరు ఉంటే సూపు ఆన్నే నిలబడ్తది. ఓ దిక్కు తేడా ఉంటేనే జారిపోతది. ఇంత గూడ తెల్వదా నీకు?"

"నాకు తెలియదు."

"యాడికెల్లి తెలుస్తది! ఉన్నదొక్క దేవుడాయె. దిష్టి సంగతి మీకేమెరుక!"

నా నాలుక ఊరుకుంటుందా? "మీకు అంతమంది ఉన్నారు కదా, ఒక్కరినైనా జ్వరం సంగతి చూడమనండి" అన్నాను.

అనకుండా ఉండవలసింది. వీరమ్మ చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి నా వైపే చూస్తూ పోయింది, ఏం తప్పు చేశానని అడుగుతున్నట్టు. ఏం తప్పూ చేయలేదు. పాఠం నేర్చుకుంది.

ఫిబ్రవరి 22

తొమ్మిది మంది.

ఫిబ్రవరి 23

తొమ్మిది మంది. బుచ్చమ్మ మాట ఊరంతా పాకింది. తండా నుంచి జమ్లీ వచ్చింది, తేలు కాటయ్య వచ్చాడు. మిగిలిన ఏడుగురూ మా క్రైస్తవుల పిల్లలే. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఇలాగే ఉంటే బడి లేదు.

బుచ్చమ్మ నోటిమాటగా కబురు పంపింది. ఎవరి వల్ల దిష్టి తగిలిందో వాళ్ల చేత్తోనే తీయాలట. నేను వెళ్లి రెండు చుక్కలూ తుడిచి, మళ్లీ ఒక్క బుగ్గకే నా చేత్తో పెట్టాలట. అప్పుడు పిల్లలు బడికి వస్తారట.

నేను? దిష్టి చుక్క? మా మరిది దేవదాసు చర్చి పెద్ద. విన్నాడంటే ఆదివారం ప్రసంగమంతా నా మీదే.

నేను వెళ్లను. తప్పు నాది కాదు.

ఫిబ్రవరి 24

నేను వెళ్లనని నిన్న రాశాను. ఇవాళా అదే.

సాయంత్రం చంటిదానికి నలుగు పెడుతూ కాలు ఎత్తాను. అరికాల్లో కాటుక చుక్క!

"సరోజా!"

వచ్చి, చూసి, తల దించుకుంది.

"ఏమిటిది? ఇది మన ఇల్లేనా?"

"అరికాల్ల అయితే ఎవరికీ కనపడదని పెట్టిన అత్తయ్యా."

"దేవుడికి కనపడదా?"

"దేవునికి తెలుసు. చిన్నమామయ్యకు తెల్వదు, గంతే."

ఎన్నాళ్లుగా పెడుతోందని అడగలేదు. చంటిది ఆరోగ్యంగా ఉంది. తుడవబోయి, ఆగాను. మళ్లీ సాక్సు తొడిగాను.

దీన్ని గురించి ఆలోచిస్తున్నాను, అంతే. వెళ్తానని కాదు.

ఫిబ్రవరి 25, శుక్రవారం

వెళ్లాను.

ఈ ఊరికి కాపురానికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. బుచ్చమ్మ వాళ్ల వాకిట్లో ఎన్నోసార్లు నిలబడ్డాను. మజ్జిగ కావాలంటే పైనుంచి పోసేవాళ్లు, నేను దోసిలి పట్టేదాన్ని. బందరులో షేక్‌స్పియరు చదివిన దోసిలి. లోపలికి రమ్మని ఎప్పుడూ అనలేదు. ఇవాళ బుచ్చమ్మ గడప దగ్గర నిలబడి, నన్ను చూసి, గడపను చూసింది. పిల్లవాడు లోపల మంచం మీద ఉన్నాడు. బయటికి తేవచ్చు కదా, గాలి తగులుతుందని తేలేదు. ఆమె చెప్పిన నియమం ఆమెకే అడ్డం పడింది.

"రా" అంది చివరికి. "కాళ్లు కడుక్కొని రా."

"మీరూ చేతులు కడుక్కుని రండి, పిల్లవాడి నోరు చూడాలి" అన్నాను.

పిల్లవాడి ఒళ్లు వెచ్చగా ఉంది. చొంగ. కింది చిగురు ఉబ్బి, మధ్యలో తెల్లగా గీత. "పన్ను. ఇవాళో రేపో పైకొస్తుంది" అన్నాను.

"పన్ను సంగతి తర్వాత. సుక్క పెట్టు."

రెండు బుగ్గలూ తుడిచాను. వీరమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది. కాటుక డబ్బా నా ముందు పెట్టింది బుచ్చమ్మ. వేలు ముంచాను. గుమ్మం వైపు ఒకసారి చూశాను. చూసింది దేవుడికి భయపడా, దేవదాసుకు భయపడా అని నన్నెవరైనా అడిగితే చెప్పలేను.

"వీరమ్మా, ఇలా రా" అన్నాను. "పాఠంలో నేనొకటి మీకు చెప్పలేదు. కొన్నింటిని మనుషులు కావాలనే మడత పడకుండా చేస్తారు. మీ నాయనమ్మ ఎందుకో చెప్పింది, విన్నావా? రెండు వైపులా ఒకేలా ఉంటే..."

"సూపు నిలబడ్తది" అంది వీరమ్మ.

"ఒక పక్క తేడా ఉంటే?"

"జారిపోతది."

"అందుకని ఒకటే." ఎడమ బుగ్గ మీద పెట్టాను. వాడు నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని కొరికాడు. కాటుకంతా నోటికైంది. చిగురు కాదు, గట్టిగా ఏదో తగిలింది.

"పన్నే!" అన్నాను.

"సుక్కే!" అంది బుచ్చమ్మ, వాడి నుదురు తడిమి.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కానీ వెళ్తుంటే మజ్జిగ ఇచ్చింది. గ్లాసులో.

ఫిబ్రవరి 27, ఆదివారం

ప్రసంగం అనుకున్నదానికంటే పొడవుగా సాగింది. అయ్యాక దేవదాసు అందరి ముందూ, "వదినా, ఇది విగ్రహారాధనే" అన్నాడు.

"కాటుక చుక్క విగ్రహమైతే, మీ ఆవిడ కళ్లు రెండూ రెండు గుళ్లు" అన్నాను.

ఈస్టరు దాకా నాకు ప్రభువు బల్లలో పాలు లేదు, రొట్టే రసమూ ఇవ్వరు. వెనక వరసలో కూర్చోవాలి. సరే. వెనక నుంచి చూస్తే తెలిసింది, మా చర్చి మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు అటు, నడుమ దారి, భలే మడత పడుతుంది. దేవదాసు నిలబడే బల్ల మాత్రం ఒక పక్కకి జరిగి ఉంది.

బాధ పడలేదని రాయను. పడ్డాను. ఒక గంట తర్వాత మరచిపోయాను, ఎందుకంటే రేపు బడి.

ఫిబ్రవరి 28

ముప్పై మంది! పోయినవాళ్లే కాక, చూద్దామని కొత్తవాళ్లూ వచ్చారు. వీరమ్మ ముందు వరస. ఇవాళంతా మడత పడనివి వెతికాం. ముక్కుపుడక. పైట. కొప్పులో పువ్వు. గుండె ఎడమ పక్కనే కొట్టుకుంటుందని చెబితే, అందరూ చొక్కాల మీద చేతులు పెట్టుకుని గమ్మున కూర్చున్నారు. ముప్పై మంది ఒక్కసారిగా నోరు మూసుకోవడం ఈ బడి చరిత్రలో ఇదే మొదలు.

మార్చి 4, శుక్రవారం

ఇవాళ్టిది కూడా వరసగానే రాయాలి.

పొద్దున్నే ముప్పై ఇద్దరు వచ్చారు. జుట్లు దువ్వుకుని, పలకలు తుడుచుకుని. నేను హాజరు పిలిచాను. తలుపు బార్లా తీసి ఎదురుచూశాం. ఇన్‌స్పెక్టరు బండిలో వస్తాడనుకున్నాను. దుర్గయ్య చెప్పింది అదే, ఎప్పుడూ బండిలోనే వచ్చేవాడట.

జీపులో వచ్చాడు.

చప్పుడు వినపడగానే నేను "ఆగండి!" అన్నాను. ఎవరికి? గది ఖాళీ. గుమ్మం ముందు జీపు ఆగింది. కోటు, టోపీ, మీసం పెట్టుకుని ఇన్‌స్పెక్టరుగారు దిగి లోపలికి వచ్చి, ముప్పై రెండు పలకల్నీ నన్నూ చూశాడు.

"పిల్లలేరమ్మా?"

"ఉన్నారు సార్."

"యాడ?"

గడ్డివాము కదులుతోంది. గోడ అవతల దగ్గు. "జీపుకు భయపడ్డారు సార్" అన్నాను. ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "హాజరు అంటే కండ్ల ముందు ఉండాలె కదమ్మా. గడ్డివాము పేరు నేనెట్ల రాయను?" మంచివాడే, కానీ కలం తీశాడు.

బతిమాలితే రారు. కోప్పడితే ఇంకా లోపలికి పోతారు. వాళ్ల అమ్మలు పిలిచినా రారు, రావద్దనే కదా నేర్పింది. నేను గుమ్మంలోకి వచ్చి, ఎక్కం చెప్పే గొంతుతో అరిచాను.

"కాటయ్యా! జీపు మడత పడుతుందా, పడదా?"

ఏమీ కదల్లేదు.

"మనసులో మడిచి చెప్పండి! ఎవరు ముందు?"

గోడ మీద జుట్టు కనపడింది. తర్వాత రెండు కళ్లు. జీపును చూస్తున్నాయి.

"రెండు దీపాలున్నయ్" అన్నాడు కాటయ్య గోడ మీంచి. "నడిమిట్ల ఇనుప జాలి. పడ్తది!"

"పడది!" గడ్డివాములోంచి వీరమ్మ. "బండి తిప్పే సక్రం ఒక్క దిక్కే ఉన్నది! డ్రైవరు ఒక్క దిక్కే కూసున్నడు!"

"డ్రైవరు దిగితే పడ్తది!"

"దిగినా పడది, సక్రం ఎవడు దించుతడు?"

గోడ మీద ఇంకో తల. ఇంకోటి. జమ్లీ నేరుగా జీపు ముందుకు వచ్చి, ఆ దీపాల మధ్య వేలు పెట్టి కిందికి గీత గీసినట్టు చూపించింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చుట్టూ చేరారు. రెండేళ్లుగా ఏ జీపు చప్పుడుకు పరుగెత్తారో ఆ జీపును తడుముతున్నారు! వెనక అదనపు చక్రం ఒక పక్కకే ఉందని ఒకడు, కాదు నడుమనే ఉందని ఇంకొకడు. డ్రైవరు హారన్ మోగిస్తే ఎగిరి పడి, నవ్వి, మళ్లీ మోగించమన్నారు.

ఇన్‌స్పెక్టరు కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తలలు లెక్కపెట్టుకున్నాడు. ముప్పై ఇద్దరు.

లోపలికి వచ్చాక పరీక్ష. "సౌష్ఠవము అనగా నేమి?" అన్నాడు.

పిల్లలంతా నా వైపు తిరిగారు. నా ప్రాణం పోయింది. ఆ మాట నేను వాళ్లకి చెప్పనే లేదు! మొదటి రోజు ఉమ్ము పడిందని వదిలేశానే!

"సార్, మడత పడేవి ఏవని అడగండి" అన్నాను.

ఆయన నమ్మకం లేకుండానే అడిగాడు. ఇక ఆపడం ఎవరి తరం? చాట, కాడి, తాటాకు, తేలు, మోదుగ మూడాకు, పక్క ఆకులు విడిగా పడవు కానీ ఒకదానికొకటి పడతాయి... ఆయన ఒక్కో మాటకూ నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను.

"బాగుంది, బహుత్ ఖూబ్" అన్నాడు. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! "ఇగ చివరిది. ఈ గదిల మడత పడనిది ఏమన్న ఉన్నదా?"

జమ్లీ చెయ్యెత్తింది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పి తెలుగులో నిండు వాక్యం చెప్పడం నేను వినలేదు. ఇవాళ చెప్పింది.

"నీ మీసం పడదు సార్. ఈ దిక్కు పొడుగున్నది."

ఉంది. ఎడమ పక్క వేలెడు పొడవు. నేనూ చూశాను, ముప్పై ఇద్దరూ చూశారు, డ్రైవరు బయటి నుంచి చూశాడు.

"కోదాడ మంగలి మట్టయ్య చేసి ఉంటడు" అన్నాడు కాటయ్య, ఓదార్పుగా.

ఇన్‌స్పెక్టరు మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాగితాలు సర్దుకున్నాడు. బడి సంగతి చెప్పకుండానే జీపెక్కి వెళ్లిపోయాడు.

మార్చి 6, ఆదివారం

వెనక వరస. దేవదాసు నా వైపు చూసి, "నాశనానికి ముందు గర్వం నడుస్తుంది" అన్నాడు ప్రసంగంలో. నిజమే కావచ్చు. అయినా జమ్లీ తప్పు చెప్పలేదు.

మార్చి 8

కబురు లేదు. నాకేం? దుర్గయ్య వచ్చేదాకానే కదా.

మార్చి 9

కబురు లేదు.

మార్చి 10

పోస్టు కోసం కోదాడ దాకా నడిచాను. మోకాళ్లకు మంచిదని.

మార్చి 11, శుక్రవారం

మధ్యాహ్నం జీపు చప్పుడు. ఈసారి ఎవరూ దాక్కోలేదు, పాఠం మధ్యలో వదిలి బయటికి పరుగెత్తారు. వెనకాల నేను. నడిచాను అని రాద్దామనుకున్నాను. పరుగెత్తాను.

హుజూర్‌నగర్ పోతూ ఆగాడట. కోటు, టోపీ ఉన్నాయి. మీసం లేదు.

అసలు లేదు! పై పెదవి మొత్తం బోసిగా, కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు. పిల్లలు నోళ్లు తెరిచారు. నేను తెరవలేదు, నా పెదవులు కొరుక్కున్నాను.

"ఏం చెయ్యాలమ్మా" అన్నాడు, ఎవరూ అడగకపోయినా. "ఆ రోజు ఇంటికి పోయి అద్దం ముందు కూసున్న. ఈ దిక్కు జర తీసిన. అది చిన్నగైంది. ఆ దిక్కు జర తీసిన. ఇది పెద్దగైంది. మళ్ల ఈ దిక్కు. ఇట్ల ఇట్ల చేసి ఆఖరికి ఖతం. మా ఇంట్లామె వారం రోజుల సంది నా మొహం చూడకుంట నవ్వుతున్నది."

జమ్లీ ముందుకు వచ్చి, తల పక్కకు వంచి, ఆయన్ని శ్రద్ధగా మనసులో మడిచింది.

"ఇప్పుడు పడ్తది సార్."

ఆయన నవ్వాడు. అంత నవ్వు ఆ కోటులో పడుతుందని నేననుకోలేదు. తర్వాత బడి ఉంటుందని చెప్పాడు. ఉంటుంది! ఎత్తివేయరు, కలపరు. పైగా ముప్పై దాటింది కనుక రెండో పంతులు కూడా ఉండవచ్చట. దుర్గయ్య ఉగాది దాటాక కర్ర పట్టుకుని వస్తాడు, ఆయనకు తోడుగా ఊళ్లో చదువుకున్నవాళ్లెవరినైనా తాత్కాలికంగా పెట్టుకోమన్నారట. మిర్యాలగూడలో మిగతా పంతుళ్లకు ఈ మడత పాఠం చూపించడానికి కూడా ఆ మనిషినే పిలుస్తారట.

"మీరుంటరా అమ్మా?"

ఉంటానని ఎప్పుడన్నానో నాకు తెలియదు. ఆయన మాట పూర్తయ్యేలోపే అని ఉంటాను.

"ఒక్క సంగతి" అన్నాడు కలం తీసి. "యాభై ఐదు దాటొద్దు. మీ వయసెంత?"

పిల్లలంతా నా వైపు చూశారు. సత్యమే పలకాలని వాళ్లకి రోజూ చెబుతాను.

"మీరెంత రాస్తే అంత సార్" అన్నాను.

మార్చి 13, ఆదివారం

వెనక వరసలో కూర్చుని ప్రార్థన చేశాను, చాలాసేపు, ముఖ్యంగా వయసు గురించి. దేవదాసు పశ్చాత్తాపమనుకుని సంతోషించాడు.

రేపటి నుంచి భిన్నాలు. సగం, పావు, ముప్పావు. రొట్టెలతో, గోంగూర కట్టలతో, పొలం గట్లతో చెప్పాలి. అన్నదమ్ముల పొలాలు సరిగ్గా సగమో కాదో పిల్లలు కొలిచి చూస్తారేమో.

చిలుకూరును ఇక దేవుడే కాపాడాలి.